నాన్నగారి చిన్న లేత్‌కు ధర కట్టేదెలా?

ప్రశ్న: మా నాన్నగారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో టర్నర్‌గా పనిచేసి రిటైరయ్యారు. 2018లో 72 వేల రూపాయలు పెట్టి చైనాలో తయారైన ఒక చిన్న లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ కోసి ఆకారమిచ్చే యంత్రం) కొనుక్కున్నారు. పలక మీద దాని సైజు 180×350 అని ఉంది. మల్కాజిగిరి ఇంట్లో వెనుక గదిలో బల్లకు బిగించి, ఇత్తడి ఆవిరి ఇంజన్ల నమూనాలు, చుట్టుపక్కల వాళ్ల కుట్టుమిషన్లకు చిన్న చిన్న భాగాలు చేసేవారు. ముక్కను దవడలతో పట్టి తిప్పే చక్కులు, టూల్స్ అంటూ తర్వాత మరో 40 వేలు ఖర్చుపెట్టారు. అందులో 12 వేలు మైక్రోమీటర్, వెర్నియర్, డయల్ గేజ్ లాంటి కొలత పరికరాలకే అయ్యాయి. పాత సామాన్ల బజారులో ముచ్చటపడి కొన్న ప్రాగా కంపెనీ పెద్ద చక్కు కూడా ఒకటి ఉంది, దాన్ని ఎప్పుడూ బిగించలేదు. ఇప్పుడు ఆయనకు 74 ఏళ్లు. గ్లకోమా వల్ల చూపు తగ్గి, రెండేళ్లుగా యంత్రాన్ని ముట్టుకోలేదు. వచ్చే నెల అమ్మానాన్నలు కూకట్‌పల్లిలోని మా ఫ్లాట్‌కు వచ్చేస్తున్నారు. లేత్‌కు ఇక్కడ చోటు లేదు. పాత ఇనుము కొనే అతను మూడు వేలిస్తానన్నాడు. చార్టర్డ్ అకౌంటెంట్ అయిన తమ్ముడు తరుగుదల లెక్కవేసి 23 వేలన్నాడు. నాన్నగారేమో లక్షకు పైసా తగ్గనంటున్నారు. అదే సైజు కొత్త యంత్రం ఇప్పుడు పన్నుతో కలిపి 98 వేలని దుకాణంలో చెప్పారు. మా దాంట్లో ఒక పళ్లచక్రం విరిగింది, నెమ్మదిగా తిప్పితే మోటారు కాస్త అదురుతుంది, యంత్రానికి ఆధారంగా ఉండే పొడవాటి బెడ్డు మీద తుప్పు మరకలున్నాయి. దీని అసలు విలువ ఎలా తెలుసుకోవాలి?
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

సమాధానం: మీకు చెప్పిన మూడు అంకెలూ ఎక్కడినుంచి వచ్చాయో చూస్తే సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

పాత ఇనుము అతనిది తూకం లెక్క. ఈ సైజు లేత్ దాదాపు 40 కిలోలుంటుంది. పోత ఇనుము కిలోకు 40 రూపాయలనుకున్నా 1,600 దాటదు. మరి మూడు వేలెందుకు ఇస్తానన్నాడు? దాన్ని పగలగొట్టి కరిగించే ఉద్దేశం అతనికి లేదు కాబట్టి. యంత్రంగానే మరొకరికి అమ్ముకుంటాడు. అతని లాభం ఎంతో ఊహించడానికి అకౌంటెంటు అక్కర్లేదు.

మీ తమ్ముడిది ఆదాయపు పన్ను లెక్క. వ్యాపారంలో వాడే యంత్రాలకు ఏటా మిగిలిన విలువ మీద 15 శాతం తరుగుదల చూపించుకోవచ్చు. 72 వేలను ఏడేళ్లు అలా తగ్గిస్తూ పోతే 23 వేల దగ్గర తేలుతుంది. గణితంలో తప్పు లేదు. కానీ ఆ శాతం పన్ను కట్టే లాభాన్ని తేల్చడానికి ప్రభుత్వం పెట్టినది. రోజంతా మూడు షిఫ్టులు తిరిగిన లేత్‌కూ, మీ వెనుక గదిలో సాయంత్రాలు మాత్రమే తిరిగిన లేత్‌కూ అది ఒకే తరుగు వేస్తుంది.

నాన్నగారిది ఖర్చు లెక్క. మొత్తం లక్షా 12 వేలు పెట్టిన మనిషి లక్షకు దిగారంటే, ఆయన దృష్టిలో చాలానే తగ్గినట్లు. ఆ పట్టుదల మీద నాకు గౌరవమే తప్ప ఫిర్యాదు లేదు. కాకపోతే ఆయన ఎంత పెట్టారన్నది కొనేవాడికి పట్టదు.

కొనేవాడు వేసుకునేది ఇంకో లెక్క: ఇది కొనకపోతే నాకెంతవుతుంది, కొంటే ఇంటికి తెచ్చాక దీని మీద ఇంకెంత పెట్టాలి? మీరు కూడా అతని వైపు నుంచే మొదలుపెట్టాలి. అంటే 2018 నాటి బిల్లును బీరువాలో పెట్టేసి, ఇవాళ్టి 98 వేల నుంచి లెక్క కట్టాలి. అప్పట్లో సగటున 68 రూపాయలున్న డాలరు ఇప్పుడు 85 దాటింది. దిగుమతి యంత్రం ధర పెరగడానికి ఆ ఒక్క కారణం చాలు. పాత బిల్లు చూపించి బేరమాడేవాడికి మీరు చెప్పాల్సిన జవాబు కూడా ఇదే.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఆ 98 వేలలో 18 శాతం జీఎస్టీ ఉంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న కంపెనీ కొత్త యంత్రం కొంటే ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి సర్దుబాటు చేసుకుంటుంది. వాళ్లకు కొత్త లేత్ నికరంగా 83 వేలే. మీరు వ్యాపారి కాదు, జీఎస్టీ బిల్లు ఇవ్వలేరు, కాబట్టి వాళ్లు మీ లేత్‌ను పోల్చేది 83 వేలతోనే. ఇంట్లో సరదాకు కొనుక్కునే మనిషికి అలాంటి వెసులుబాటు లేదు, 98 వేలూ జేబులోంచే పోతాయి. అదే యంత్రానికి అతను మీకు ఎక్కువ ఇవ్వగలడు. ఎవరికి అమ్మాలన్న ప్రశ్న ధరతోపాటే తేలాల్సింది ఇందుకే.

వారంటీ లేని, రెండేళ్లుగా ఆగివున్న, తెచ్చుకునే బాధ్యత కొనేవాడిదే అయిన హాబీ లేత్, చక్కగా నడుస్తుంటే, కొత్తదాని ధరలో సగం లేదా సగానికి కొంచెం పైన పలకాలని నా అంచనా. మీ విషయంలో 50 వేల దగ్గర మొదలుపెట్టవచ్చు. ఇదే యంత్రం మైఫర్డ్ ఎంఎల్7 అయ్యుంటే నా సలహా వేరేగా ఉండేది. 1946లో బ్రిటన్‌లో మొదలైన ఆ రకం లేత్‌లకు వయసు పెరిగినా అడిగేవాళ్లు ఉంటారు. మీది ఆ కోవలోది కాదు. అలాగని తీసిపారేయాల్సిందీ కాదు.

"చక్కగా నడుస్తుంటే" అన్నాను కదా, అసలు బేరమంతా ఆ మాట మీదే నడుస్తుంది. నడుస్తోందని నోటితో చెప్పడం వేరు, చూపించడం వేరు. ఆగివున్న లేత్‌ను ఫొటో చూసి కొనేవాడు అన్ని భయాలకూ కలిపి ధర తగ్గిస్తాడు. కాబట్టి ప్రకటన ఇవ్వడానికి ముందే ఒక ఆదివారం దీనికి కేటాయించండి. నాన్నగారి పాత సహోద్యోగుల్లో చూపు, చేయి బాగున్న ఒకరిని పిలవండి. నాన్నగారు పక్కన కుర్చీలో కూర్చుని చెబుతారు, యంత్రం మాత్రం వచ్చినాయనే నడపాలి. ఈ చూపుతో ఆయన్ను తిరుగుతున్న చక్కు దగ్గరికి వెళ్లనివ్వకండి.

ముందు శుభ్రం చేయించండి. తుప్పు మరకలను డీజిల్‌లో తడిపిన గుడ్డతో రుద్ది, నూనె రాసి వదిలేయండి. బెడ్డు మీద గరుకు కాగితం పెట్టారో, మరక పోయి గీతలు మిగులుతాయి, వాటి పొడి, టూల్‌ను మోస్తూ బెడ్డు మీద జరిగే శాడిల్ కిందకు చేరి మరింత అరగదీస్తుంది. రంగు అసలే వేయకండి. కొత్త రంగు చూడగానే తెలిసినవాడికి దాని కింద ఏం దాచారోనన్న అనుమానం వస్తుంది. నాకైతే కచ్చితంగా వస్తుంది.

రెండేళ్లు ఆగిన యంత్రాన్ని ఒక్కసారిగా పూర్తి వేగంతో తిప్పకూడదు. తక్కువ వేగంలో కాసేపు, మధ్యలో కాసేపు నడిపి, ఆ తర్వాతే పైకి వెళ్లాలి. ఇరవై నిమిషాలయ్యాక ఆపి, చక్కును తిప్పే భాగమైన హెడ్‌స్టాక్ మీద బేరింగుల దగ్గర చేయి పెట్టి చూడాలి. గోరువెచ్చగా ఉంటే మంచిదే, చేయి పెట్టలేనంత కాలితే బేరింగుల సంగతి చూడాలి. మీరు చెప్పిన అదురు నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది. ఈ రకం లేత్‌లలో సాధారణంగా బ్రష్షులున్న డీసీ మోటారు, దాని వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటాయి. తక్కువ వేగంలో అదురుకు కారణం అరిగిన బ్రష్షులు కావచ్చు, దుమ్ము పట్టిన వేగం నాబ్ కావచ్చు, బోర్డే కావచ్చు. మొదటి రెండూ చవకలో పోతాయి. ప్లగ్గు తీసి బ్రష్షులు విప్పి చూడటం ఎలక్ట్రీషియన్‌కు చిన్న పని. బోర్డే పాడైందని తేలితే కొత్తది వేయించకండి. దాని ధర కనుక్కుని, బిగించే ఖర్చుతో కలిపి మీ ధరలోంచి తగ్గించి, కొనేవాడికి ఆ మాట ముందే చెప్పండి. విరిగిన పళ్లచక్రం మాత్రం మీరే తెప్పించి వేయించాలి. వీటిలో చాలావరకు ప్లాస్టిక్‌వే ఉంటాయి, ఖర్చు పెద్దగా ఉండదు. అది లేకపోతే కొన్ని మరలు కోయడం కుదరదు, ఆటోమేటిక్ ఫీడ్ (టూల్ దానంతటదే జరగడం) కూడా ఆగిపోవచ్చు. కొన్ని వందల భాగం లేనందుకు కొనేవాడు వేలల్లో తగ్గించుకుంటాడు. మరల సైజును బట్టి మార్చి వేసే మిగతా మార్పిడి చక్రాలన్నీ ఉన్నాయో లేదో ఆ పూటే లెక్కపెట్టించండి.

ఇక అరుగుదల. వర్క్‌షాపు లేత్ కొనేవాళ్లు మొదట చూసేది చక్కుకు దగ్గరగా ఉండే బెడ్డు భాగాన్ని, ఎందుకంటే పనంతా అక్కడే జరుగుతుంది. శాడిల్‌ను చక్కు దగ్గర్నుంచి అవతలి కొసనున్న టెయిల్‌స్టాక్ వైపు చేత్తో నడపాలి. చక్కు దగ్గర వదులుగా ఉండి, దూరం పోయేకొద్దీ బిగుసుకుంటే బెడ్డు అరిగినట్లే. ఇంట్లో వాడిన చిన్న లేత్‌లో అంత అరుగుదల రావడం అరుదు. మీ దాంట్లో అది ఉంటుందని నేను అనుకోను, అయినా చూపించి రూఢి చేసుకోండి.

చక్కు బిగించే ఇరుసుకు, అంటే స్పిండిల్‌కు, ఒక పరీక్ష ఉంది. చక్కులో పొడవాటి కడ్డీ బిగించి, చక్కు ఒంటి మీద డయల్ గేజ్ ఆనించి, కడ్డీని చేత్తో పైకి లేపాలి. ముల్లు రెండు మూడు వందో వంతుల మిల్లీమీటరు కంటే ఎక్కువ కదిలితే బేరింగుల్లో ప్లే, అంటే వదులు, ఉంది. చాలాసార్లు స్పిండిల్ వెనుక ఉన్న నట్లు సరిచేస్తే అది పోతుంది. కొనడానికి వచ్చినవాడు మూడు దవడల ట్రూ చక్కులో కడ్డీ పెట్టి తిప్పి, డయల్‌లో 0.06 మిల్లీమీటర్ల తేడా చూపించి, "లేత్ వంకర" అనవచ్చు. కంగారుపడకండి. ఈ తరగతి చక్కులకు అంత తేడా మామూలే, అది చక్కుది. స్పిండిల్ సంగతి తెలియాలంటే చక్కు విప్పి, లోపలి టేపర్‌లో (లోపలికి పోయేకొద్దీ సన్నబడే రంధ్రంలో) డయల్ ముల్లు పెట్టి చూడమనండి. అక్కడ ఒకటి రెండు వందో వంతుల లోపు ఉంటే యంత్రం బాగున్నట్లే. టూల్‌ను అడ్డంగా జరిపే క్రాస్ స్లైడు హ్యాండిల్ పావు చుట్టు తిరిగాక గానీ స్లైడు కదలడం లేదన్న ఫిర్యాదు కూడా వింటారు. నట్టు బిగిస్తే అది చాలావరకు తగ్గుతుంది. నాన్నగారి లాంటి టర్నర్ దానికి తగ్గట్టు చేయి తిప్పి ఇన్నేళ్లూ పనిచేసే ఉంటారు.

ఈ పరీక్షలన్నిటికంటే బేరంలో ఎక్కువ పనిచేసేది ఒక ముక్క ఇనుము. 25 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీలు కడ్డీని చక్కులోంచి 80 మిల్లీమీటర్లు బయటకు ఉంచి, టెయిల్‌స్టాక్ ఆసరా లేకుండా, చివరి కోత సన్నగా వేసి టర్నింగ్ చేయించండి. తర్వాత రెండు కొసల దగ్గర మైక్రోమీటర్‌తో కొలవండి. రెండు కొలతల మధ్య తేడా 0.02 మిల్లీమీటర్ల లోపు ఉంటే హాబీ లేత్‌కు అది మంచి మార్కే. ఎక్కువ వస్తే వెంటనే లేత్‌ను తప్పుపట్టకండి, బల్ల ఒంకర ఉండి బోల్టులు బెడ్డును మెలిపెడుతూ ఉండవచ్చు. బోల్టులు వదులు చేసి, సన్నటి రేకులు పెట్టి సరిచేసి మళ్లీ చూడమనండి. మంచి ముక్క వచ్చాక, దాని మీద రెండు కొలతలూ రాసి, వచ్చిన ప్రతివాడి చేతిలో పెట్టండి. యంత్రం గురించి మీరు చెప్పగలిగిన దానికంటే అది బాగా చెబుతుంది.

ఇక సామాను. లేత్ కొన్న ప్రతివాడికీ ఆర్నెల్లలో తెలిసొచ్చే నిజం ఏమిటంటే, టూల్స్ ఖర్చు యంత్రం ఖర్చుతో పోటీపడుతుంది. కొలత పరికరాలు పోగా మిగిలిన నాన్నగారి 28 వేల సామాను వృథా కాలేదు, కానీ అన్నిటికీ ఒకే విలువ రాదు. ఫేస్ ప్లేటు, స్టెడీ రెస్టు, మార్పిడి చక్రాలు, ఈ స్పిండిల్‌కే సరిపోయే నాలుగు దవడల డాగ్ చక్కు — ఇవి ఈ లేత్‌తోనే పోవాలి. విడిగా అమ్మితే వాటికి రూపాయి రాదు, లేకపోతే లేత్‌కు ధర రాదు. డ్రిల్ చక్కు, రివాల్వింగ్ సెంటర్, హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ స్టీలు) బిట్ల లాంటివి ఏ లేత్‌కైనా పనికొస్తాయి, వాటికి విడిగా కూడా గిరాకీ ఉంటుంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒక పూట తిరిగితే వీటి కొత్త ధరలు తెలుస్తాయి. వాడినవాటికి అందులో నలభై, యాభై శాతం వేసుకోండి. నేనైతే అన్నీ కలిపే అమ్ముతాను. మొదటిసారి లేత్ కొనేవాడికి ఇంటికి వెళ్లిన రోజే పని మొదలుపెట్టగలగడం పెద్ద ఆకర్షణ. మొత్తం సామానుకు 12, 13 వేలు కలపవచ్చు.

కొలత పరికరాలను మాత్రం ప్రకటనలో పెట్టకండి. మంచి మైక్రోమీటర్ విడిగా కూడా తేలిగ్గా అమ్ముడుపోతుంది. పైగా బేరం రెండు మూడు వేల దగ్గర బిగుసుకుపోయినప్పుడు, ధర తగ్గించే బదులు "డయల్ గేజ్, స్టాండు కూడా తీసుకోండి" అనడానికి పనికొస్తాయి. ప్రాగా చక్కునూ విడిగానే చూడండి. ప్రాగా టూల్స్ 1943లో సికింద్రాబాద్‌లోనే మొదలైన సంస్థ. దాని పాత చక్కులను ఇష్టపడే టర్నర్లు నగరంలో ఇంకా ఉన్నారు. అంత బరువైన చక్కు మీ చిన్న స్పిండిల్‌కు తగదు, బిగించకపోవడమే నాన్నగారి అనుభవం. దవడలు మూడూ దానివేనా, మీద ఒకటి, రెండు, మూడు అంకెలు వరసగా ఉన్నాయా చూసుకుని, పెద్ద లేత్ ఉన్న ఏ వర్క్‌షాపులోనైనా అడగండి.

కూడి చూద్దాం. యంత్రానికి 50 వేలు, సామానుకు 13 వేలు, తుప్పు మరకలకు రెండు మూడు వేలు తగ్గింపు. 60 వేల దగ్గర ఆగుతాం. అదురు బ్రష్షులతో పోతే 70 వేలు అడిగి, 60కి ఇవ్వండి. బోర్డే పాడైతే దాని ఖర్చు తీసేసి, 50 వేల లోపు మాత్రం దిగకండి. కొలత పరికరాలు, ప్రాగా చక్కు మీద వచ్చేది దీనికి అదనం. నాన్నగారికి ఈ లెక్కను లక్షతో కాకుండా, మీ తమ్ముడు చెప్పిన 23 వేలతో పోల్చి చెప్పండి. ఆయన ముఖం వేరుగా ఉంటుంది.

ఓఎల్ఎక్స్ లాంటి చోట్ల కనిపించే ధరలను చూసి మురిసిపోవద్దు, బెంగపడనూ వద్దు. అవి అడిగిన ధరలు, అమ్ముడుపోయినవి కావు. ఒకే ప్రకటన నెలల తరబడి కనిపిస్తోందంటే ఆ ధరకు ఎవరూ కొనడం లేదన్న సమాచారం మీకు ఉచితంగా దొరికినట్లు.

బాలానగర్, జీడిమెట్లలో లేత్‌లు లెక్కలేనన్ని ఉన్నాయి కదా, అక్కడే అమ్మవచ్చు కదా అని చాలామంది సలహా ఇస్తారు. అక్కడి వాళ్లకు గంటకు ఎన్ని ముక్కలు దిగుతాయన్నది ముఖ్యం. లోతైన కోత వేయలేని 40 కిలోల యంత్రాన్ని వాళ్లు ముప్పై వేలకే అడుగుతారు, వాళ్ల దృష్టిలో అది న్యాయమే. మీకు కావలసినవాళ్లు ఇంట్లో మామూలు ప్లగ్గుకు నడిచే యంత్రం కోసం వెతికేవాళ్లు: నమూనా విమానాలు, డ్రోన్లు చేసే కుర్రాళ్లు, గడియారాలు బాగుచేసేవాళ్లు, చెక్క పెన్నులు చెక్కేవాళ్లు, సొంతంగా టెలిస్కోపు చేసుకునేవాళ్లు. రాయదుర్గంలో 2023లో మొదలైన, కొత్త వస్తువుల నమూనాలు చేసుకునే కేంద్రమైన టీ-వర్క్స్ లాంటి చోట్ల యంత్రాల మీద చేయి తిరిగి, ఇప్పుడు ఇంట్లో ఒకటి ఉంటే బాగుండుననుకునేవాళ్లు కూడా నగరంలో ఉన్నారు. ప్రకటనలో స్వింగు (తిప్పగల ముక్క గరిష్ఠ వ్యాసం, మీ పలక మీది 180), సెంటర్ల మధ్య దూరం (పట్టే ముక్క పొడవు, 350), సామాను జాబితా, పరీక్ష ముక్క కొలతలు, ఉన్న లోపం అన్నీ రాయండి. చక్కు తిరుగుతూ కోత పడుతున్న అర నిమిషం వీడియో జోడించండి.

వచ్చినవాళ్లతో నాన్నగారిని మాట్లాడనివ్వండి. ఆయనకు ఆ యంత్రం ఏ వేగంలో ఎలా మూలుగుతుందో తెలుసు, కొనేవాడికి ఆ అరగంట పాఠం వేల రూపాయల విలువైనది. ఒక్క జాగ్రత్త: పాత టర్నర్లు తమ లేత్ లోపాలను అడగకుండానే ఏకరువు పెడతారు. ధర మాట మాత్రం మీరే మాట్లాడండి.

డబ్బు మీ ఖాతాలో పడ్డాకే సామాను కదలాలి. డబ్బు పంపుతున్నానంటూ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమనేవాడితో, పిన్ నొక్కమనేవాడితో బేరం అక్కడే ఆపేయండి. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. పలక మీది సీరియల్ నంబరు రాసి, "ఉన్నది ఉన్నట్లుగా అమ్మాము" అని ఒక కాగితం మీద రసీదు ఇచ్చి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఎత్తే ముందు చక్కు, టెయిల్‌స్టాక్ విప్పించి విడిగా పెట్టించండి, శాడిల్‌ను చివరికి జరిపి బిగించండి, కిందనున్న పొడవాటి మరల కడ్డీని, అంటే లీడ్‌స్క్రూను, పట్టుకుని మాత్రం ఎవరినీ ఎత్తనివ్వకండి.